రాయడానికి కూర్చున్నాక ధ్యాస నిలవాలంటే మీరేం చేస్తున్నారు?

రేపల్లె పాసింజర్ (తెనాలి)
శుక్రవారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. ఇన్నాళ్లూ కథలు రాశాను, ఇప్పుడు మొదటి నవల రాస్తున్నాను. 1986లో కృష్ణా డెల్టాలో ఒక ఊరు, ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒక తమ్ముడు, వాళ్ల నాన్న పొలం. సగం వరకు చకచకా సాగింది. ఇప్పుడు కూర్చుంటే పేజీ కూడా నిండడం లేదు.

నాకు దొరికేది తెల్లవారుజామున 5 నుంచి 6:30 వరకు. ఆ తర్వాత వంట, క్యారేజీలు, బస్సు. రాత్రి 9 దాటాక ఇంకో గంట చిక్కినా ఒళ్లు సహకరించదు. ఆ పొద్దుటి గంటన్నరలో నాలుగు వాక్యాలు రాయగానే చెయ్యి ఫోన్ మీదికి పోతోంది. స్కూల్ గ్రూపు, మండలం గ్రూపు, చుట్టాల గ్రూపు. స్కూల్ గ్రూపుల్ని పూర్తిగా వదిలేయడానికి వీల్లేదు, ఎప్పుడు ఏ సమాచారం అడుగుతారో తెలియదు. ఒక మెసేజ్ చూసి వెనక్కి వచ్చేసరికి నా పాత్రలు ఏం మాట్లాడుకుంటున్నారో నాకే అందదు.

క్రమశిక్షణ కావాలని చాలామంది చెప్పారు. అది కాకుండా, ఉద్యోగమూ ఇల్లూ చూసుకుంటూ పెద్ద రచన చేస్తున్నవాళ్లు ఏం చేస్తున్నారో కాస్త వివరంగా చెప్తారా? ఈ నవల నాకు చాలా ముఖ్యం. మధ్యలో వదిలేయడం ఇష్టం లేదు.

మియాపూర్ మెట్రో (హైదరాబాద్)
శుక్రవారం రాత్రి 10:25

మేడం, ముందు ఫోన్ సంగతి తేల్చుకోండి. సైలెంట్‌లో పెట్టి పక్కన బోర్లించడం సరిపోదు. అది ఇంకో గదిలో ఉండాలి. టెక్సస్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఫోన్ బల్ల మీద ఉన్నవాళ్ల కంటే వేరే గదిలో పెట్టివచ్చినవాళ్లు ఏకాగ్రత కావాల్సిన పరీక్షల్లో మెరుగ్గా చేశారు. బల్ల మీదున్న ఫోన్ మోగకపోయినా సరే.

స్కూల్ నుంచి అత్యవసరం అన్నారు కదా. ఫోన్‌లో డూ నాట్ డిస్టర్బ్ పెట్టి, హెచ్‌ఎం, ఇంట్లోవాళ్ల నంబర్లకు మాత్రం స్టార్ గుర్తు పెట్టి, ఆ కాల్స్ మోగేలా చేసుకోవచ్చు. నిజంగా అత్యవసరమైతే ఎవరైనా ఫోన్ చేస్తారు, ఉదయం 5 గంటలకు గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోరు. చుట్టాల గ్రూపును ఎప్పటికీ మ్యూట్‌లో ఉంచే వీలు వాట్సాప్‌లోనే ఉంది.

ఇంకో మాట. మెసేజ్ చూసి రావడానికి అర నిమిషమే పడుతుంది, నిజమే. కానీ పోయేది ఆ అర నిమిషం ఒక్కటే కాదు. ఒక పని సగంలో వదిలి ఇంకో పనిలోకి వెళ్తే మొదటి పని తాలూకు ఆలోచన మనసులో కొంత మిగిలిపోయి రెండో పనిని దెబ్బతీస్తుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లోనే రాశారు. కోడ్ రాసేటప్పుడు మాకు రోజూ ఎదురయ్యేదే. మీరు గ్రూపులో మిడ్ డే మీల్ లెక్కల గురించి చదివి వస్తే, ఆ లెక్కలు మీతోపాటే నవలలోకి వస్తాయి.

పొద్దుతిరుగుడు (ఖమ్మం)
శుక్రవారం రాత్రి 11:10

టీచర్‌గారూ, మీ పోస్టు చదివి వెంటనే రాయాలనిపించింది. నేను ఉద్యోగం చేయను, ఇంట్లోనే ఉంటాను. రెండు కథల పుస్తకాలు వచ్చాయి.

మియాపూర్ తమ్ముడు చెప్పింది బాగుంది కానీ, ఫోన్‌ను ఇంకో గదిలో పెట్టొచ్చు, మనుషుల్ని పెట్టలేం కదా. నన్ను ఎక్కువగా లేపేది ఫోన్ కాదు. "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త ఆ కూర చూడు" అనే పిలుపు. మా అత్తయ్యగారి బీపీ మాత్ర, పాప యూనిఫాం, గ్యాస్ బండ అబ్బాయి. వీటిలో ఏదీ అనవసరమైనది కాదు. అందుకే కోపం కూడా తెచ్చుకోలేం.

నాకు పనికొచ్చినవి రెండు. మొదటిది, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మధ్యాహ్నం 2 నుంచి 3:30 వరకు నేను రాసుకునే సమయమని చెప్పాను. అడగలేదు, చెప్పాను. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ సమయంలో పిలిస్తే "మూడున్నరకు వస్తాను" అని అదే మాట, అదే గొంతుతో, విసుక్కోకుండా చెప్తూ పోయాను. ఇప్పుడు మా పాపే వాళ్ల నానమ్మకు చెప్తుంది.

రెండోది, ఫోన్‌లో టైప్ చేయడం మానేసి లాంగ్ నోట్‌బుక్‌లో పెన్నుతో రాస్తున్నాను. ఆడమనిషి చేతిలో ఫోన్ కనిపిస్తే ఎవరికైనా తీరిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది. అదే నోట్‌బుక్ మీద వంగి రాస్తుంటే పిలవబోయి ఆగుతారు. పని జరుగుతోందని కళ్లకు కనబడాలి.

అమెరికా రచయిత్రి టోనీ మోరిసన్ ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేస్తూ, ఇద్దరు పిల్లల్ని ఒక్కతే పెంచుతూ, పిల్లలు లేవకముందే చీకటితో లేచి రాసుకునేదట. మీరు 5 గంటలకు లేస్తున్నారంటే సగం పని చేసినట్టే.

పాత సబెడిటర్ (విజయవాడ)
శనివారం ఉదయం 6:40

అమ్మా, నేను వారపత్రికలో చాలాకాలం సబ్ ఎడిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. సీరియల్ భాగాలు పోస్టులోనూ, ఆర్టీసీ బస్సు పార్సిల్లోనూ వచ్చే రోజులు. వారం వారం భాగం అందించాల్సిన రచయితలను దగ్గరగా చూశాను. వాళ్లలో బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు, గృహిణులు, కోర్టు గుమస్తాలు ఉండేవాళ్లు. సెల్‌ఫోన్ అప్పట్లో లేదు. అయినా భాగం ఆలస్యమయ్యేది. అందుకే ఫోన్ ఒక్కటే కారణమంటే నేను పూర్తిగా ఒప్పుకోను.

ఆలస్యమైన భాగాలను వరసగా చదివితే ఒకటి కనిపించేది. రచయిత ఆగిన చోటల్లా కథ ఏ దారి తొక్కాలో ఇంకా తేలని చోటే. పెళ్లి జరగాలా వద్దా, తండ్రికి నిజం చెప్పాలా వద్దా. అది తేలనప్పుడు మనిషి కుర్చీలో కూర్చోలేడు. అప్పుడు చుట్టాలు గుర్తొస్తారు, కాఫీ గుర్తొస్తుంది, ఇప్పుడు ఫోన్ గుర్తొస్తోంది.

కాబట్టి మిమ్మల్ని ఒకటి అడుగుతాను, ఆలోచించి చెప్పండి. చెయ్యి ఫోన్ మీదికి పోయేది ఏ వాక్యం దగ్గర? ప్రతి అధ్యాయంలోనా, ఒకే చోటా?

చెరువుగట్టు (అనంతపురం)
శనివారం ఉదయం 8:15

పాత సబెడిటర్‌గారితో సగం ఏకీభవిస్తాను. నేను కవిత్వం రాస్తాను. నాకు మనసు తిరగడమే కావాలి. ఒకే చోట కట్టేసి కూర్చోబెడితే ఒక్క పాదం రాదు. బజార్లో నడుస్తూ, బస్సు కిటికీలోంచి చూస్తూ ఉన్నప్పుడే వస్తుంది. ధ్యాస తప్పడాన్ని రోగంలా చూడొద్దని నా మనవి.

మియాపూర్ మెట్రో (హైదరాబాద్)
శనివారం ఉదయం 9:05

చెరువుగట్టు అన్నా, బస్సు కిటికీలోంచి చూడటం వేరు, రీల్స్ చూడటం వేరు. కిటికీ దగ్గర మీ ఆలోచన మీదే, ఎటు పోవాలో మీరే చూసుకుంటారు. రీల్‌లో ఇంకొకరు నిర్ణయిస్తారు. స్క్రీన్ ముందు మనుషుల ధ్యాస ఎంతసేపు నిలుస్తుందో కాలిఫోర్నియా యూనివర్సిటీలో గ్లోరియా మార్క్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. 2004లో సగటున ఒక స్క్రీన్ మీద రెండున్నర నిమిషాలు ఉండేది, తర్వాతి కొలతల్లో 47 సెకన్లకు దిగింది. నవలలో ఒక పేరా పూర్తి కావడానికి అది చాలదు.

చెరువుగట్టు (అనంతపురం)
శనివారం ఉదయం 9:20

ఆ తేడా ఒప్పుకుంటాను. నేను నడకకు వెళ్లేటప్పుడు ఫోన్ ఇంట్లోనే వదిలేస్తాను, జేబులో చిన్న పుస్తకం మాత్రమే ఉంటుంది.

రేపల్లె పాసింజర్ (తెనాలి)
శనివారం రాత్రి 9:30

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీ ప్రశ్న రోజంతా మనసులో మెదులుతూనే ఉంది. సాయంత్రం నోట్సు తీసి చూసుకున్నాను. మీరన్నట్టు ఒకే చోట.

నాన్న పొలం పంచి రాయించడానికి పిల్లల్ని తీసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తాడు. అక్క పెళ్లయి కాపురానికి వెళ్లిపోయింది, చెల్లెలికి ఇంకా పెళ్లి కాలేదు. అప్పటికి ఆడపిల్లలకు వాటా వచ్చే చట్టం వచ్చింది అంటారు కదా, చెల్లెలికి ఆ సంగతి తెలుసు. ఆ ఆఫీసులో ఏం జరుగుతుంది, ఎవరు ముందు సంతకం పెడతారు, కాగితంలో ఏమని రాస్తారు, ఇవేమీ నాకు తెలియవు. అక్కడికి రాగానే నెట్‌లో వెతకడం మొదలవుతుంది. ఒక పాత రెవెన్యూ మాట కోసం ఆంధ్రభారతి నిఘంటువు తెరుస్తాను, దాన్నుంచి ఇంకో మాట, అక్కడి నుంచి భూముల వెబ్‌సైట్లు, మధ్యలో వాట్సాప్ గుర్తొస్తుంది. అప్పటికి ఆరున్నర అయిపోతుంది. వెతికేటప్పుడు పని చేస్తున్నట్టే ఉంటుంది. రాసిన వాక్యం మాత్రం ఉండదు.

పాత సబెడిటర్ (విజయవాడ)
ఆదివారం ఉదయం 6:30

ఇప్పుడు విషయం చేతికి చిక్కింది. ఇక్కడ రెండు వేరు వేరు పనులు ఒకే గంటన్నరలో ఇరుక్కున్నాయి. తెలుసుకోవడం ఒకటి, రాయడం ఒకటి. వాటిని విడదీయండి.

పొద్దున రాసేటప్పుడు తెలియని చోటు వస్తే ఖాళీ వదలండి. డెస్కులో మేం చేసేది అదే. కలెక్టర్ పేరు తెలియకపోతే వార్త ఆపం, చుక్కలు పెట్టి పక్కన గుర్తు రాసి ముందుకు వెళ్తాం, పేజీ కట్టే లోపు ఎవరో ఒకరు కనుక్కుంటారు. మీరూ "ఇక్కడ దస్తావేజు మాట కావాలి" అని రాసి కింద గీత కొట్టి, ఆ చెల్లెలు ఏమంటుందో రాయండి. చెల్లెలు ఏమంటుందన్నది ఏ వెబ్‌సైట్‌లోనూ లేదు, మీకే తెలియాలి. సమాచారం వెతకడానికి ఆ రాత్రి గంట వాడుకోండి. ఒళ్లు అలసిపోయినా వెతుకులాట చేయొచ్చు.

ఇంకొకటి. రేపటికి ఏం రాయాలో తెలిసిన చోటే ఈ రోజు ఆపండి. హెమింగ్వే ఈ పద్ధతి పాటించానని ఇంటర్వ్యూలో చెప్పాడు. తర్వాత ఏం జరుగుతుందో తెలిసి ఉండగానే ఆపేసి, మర్నాడు అక్కడినుంచి ఎత్తుకునేవాడు. పొద్దున 5 గంటలకు నిద్ర కళ్లతో కూర్చున్న మనిషికి మొదటి వాక్యం సిద్ధంగా ఉంటే ఫోన్ వెతకాల్సిన అవసరం రాదు. మా సీరియల్ రచయితల్లో ఏళ్ల తరబడి గడువు తప్పనివాళ్లు దాదాపు అందరూ తర్వాతి భాగం మొదటి పేరా ముందే రాసి పెట్టుకునేవాళ్లు.

స్టాంపు కాగితం (నరసాపురం)
ఆదివారం ఉదయం 10:45

నమస్తే అమ్మా. నేను డాక్యుమెంట్ రైటర్‌ని, మా నాన్నగారూ అదే పని చేసేవారు. ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదలు. మీ సీన్‌కు కావలసినవి తెలిసినంతవరకు చెప్తాను, మీ వెతుకులాట కొంత తగ్గుతుంది.

ఆ చట్టం హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ. 1986లో చట్టమైంది కానీ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు వచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి ఆ సవరణ కింద వాటా లేదు. అప్పటికే జరిగిపోయిన పంపకాలనూ తిరగదోడరు. దేశమంతటికీ కూతుళ్లకు ఆ హక్కు 2005 సవరణతో వచ్చింది.

కాబట్టి మీ నవలలో అక్క పెళ్లి ఏ తేదీన జరిగిందో చాలా ముఖ్యం. 1985 వేసవిలో జరిగితే ఆమెకు వాటా లేదు, చెల్లెలికి ఉంది. ఒకే తండ్రి పిల్లలు, కొన్ని నెలల తేడా. అలాగే పొలం నాన్నకు ఆయన తండ్రి నుంచి వచ్చిందా, సొంతంగా కొన్నదా అన్నది కూడా తేల్చుకోండి. సొంతార్జితమైతే ఆయన ఇష్టం.

ఆఫీసు విషయం. అప్పట్లో కంప్యూటర్లు లేవు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణ మన రాష్ట్రంలో 1998 చివర మొదలైంది. అంతకు ముందు దస్తావేజు చేత్తో రాసేవాళ్లం. సబ్ రిజిస్ట్రార్ రాయించుకున్నవాళ్లను పేరు పేరునా పిలిచి, ఒప్పుకుంటున్నారా అని అడిగి, సంతకమూ వేలిముద్రా తీసుకునేవారు. వాళ్లను గుర్తుపట్టే సాక్షులు వెంట ఉండాలి. తర్వాత గుమస్తా ఆ కాగితాన్ని పుస్తకంలోకి మక్కీకి మక్కీ ఎత్తిరాసేవాడు. అది పూర్తయ్యాకే అసలు కాగితం చేతికి ఇచ్చేవారు, అందుకని అదే రోజు వచ్చేది కాదు. వేలు తుడుచుకోవడానికి గోడకే రాసేవాళ్లు, ఆ నల్లమచ్చలు ఆఫీసు గోడ నిండా ఉండేవి.

మోడరేటర్
ఆదివారం ఉదయం 11:30

స్టాంపు కాగితం గారికి స్వాగతం. భూమి చట్టాల మీద ఇంకా ప్రశ్నలుంటే వేరే చర్చ తెరుద్దాం. ఈ సమాచారం ఇక్కడే ఉంచుతున్నాను, అసలు ప్రశ్నకు ఇది సూటిగా సంబంధించినదే.

ఫ్రిస్కో తెలుగు (టెక్సస్)
ఆదివారం రాత్రి 8:10

ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. తెలుగులో రాసేవాళ్లకు ధ్యాస తప్పించేది కీబోర్డు కూడా. ఇంగ్లిష్ అక్షరాలు కొడుతూ తెలుగు తెప్పిస్తుంటే ప్రతి మూడో మాటకీ ఒత్తు తప్పుగా పడుతుంది, ణ బదులు న వస్తుంది, సరిచేసుకోవడానికి వెనక్కి వెళ్తాం. పైన వరసలో మూడు మాటలు చూపించి ఇందులో ఏదో ఒకటి ఏరుకోమంటుంది. ఆ ఏరుకోవడంలో వాక్యం పోతుంది.

నేను ఆఫీసుకు కారులో వెళ్లేటప్పుడు మాట్లాడి రికార్డు చేసుకుంటాను, ఇంటికి వచ్చాక వాయిస్ టైపింగ్‌లో వేస్తాను. తెలుగులో ఇప్పుడు అది బాగానే పనిచేస్తోంది. పేర్లు, యాస మాటలు తప్పు పడతాయి, అవి తర్వాత దిద్దుకుంటాను. చెప్పి రాయించడం మనకు కొత్త కాదు. విశ్వనాథ సత్యనారాయణగారు వేయిపడగలు ఆశువుగా చెబుతుంటే ఆయన తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాశారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీకి పంపిన పుస్తకం అది. అడివి బాపిరాజుగారి నారాయణరావుతో కలిసి బహుమతి పంచుకుంది. చెప్పేవాడి కళ్లు కాగితం మీద లేకపోతే వెనక్కి వెళ్లి దిద్దే అవకాశం ఉండదు, ముందుకే పోవాలి.

డీటీపీ సెంటర్ (వరంగల్)
సోమవారం ఉదయం 10:05

కీబోర్డు మాట ఎత్తారు కాబట్టి చెప్తాను, నా బతుకంతా దాని మీదే. ఫోన్ కీబోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి సలహా మాటలు చూపించే వరసను ఆపేయండి, తప్పుల్ని దానంతట అదే దిద్దేదాన్ని కూడా. కంప్యూటర్ ఉంటే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి, అంటే తెలుగు అక్షరాలకు నేరుగా మీటలుండే కీబోర్డు పద్ధతి. మొదట్లో చేతులు తిరగవు, కొన్ని వారాలు కష్టపడాలి. తర్వాత వేళ్లు వాటంతట అవే పోతాయి, కళ్లు తెర మీదే ఉంటాయి.

పొద్దుతిరుగుడు అక్క చెప్పినట్టు చేత్తో రాసి మాలాంటివాళ్లకు టైపింగ్‌కు ఇస్తే ఇంకా మంచిది. నా దగ్గరికి వచ్చే రచయితల్లో చేతిరాత ప్రతులు తెచ్చేవాళ్లవే పెద్ద పుస్తకాలు పూర్తవుతున్నాయి. ఒక్క జాగ్రత్త. టైపింగ్‌కు ఇచ్చేటప్పుడే యూనికోడ్‌లో కావాలని అడగండి. డీటీపీ సెంటర్లలో వాడే పాత పద్ధతి అను ఫాంట్లలో కొట్టించుకుంటే తర్వాత దాన్ని ఈమెయిల్‌కీ, వెబ్ పత్రికలకీ పంపాలంటే మార్పిడి చేసుకోవాలి, అందులో అక్షరాలు చెదురుతాయి, మళ్లీ మొదట్నుంచి ప్రూఫ్ దిద్దాలి.

గ్రూప్ టూ (హైదరాబాద్)
సోమవారం మధ్యాహ్నం 1:20

నేను పోటీ పరీక్షలకు చదువుతూ కథలు రాస్తున్నాను. రూమ్‌లో నలుగురం ఉంటాం, అక్కడ రాయడం కుదరదు. పొద్దున్నే వెళ్లి చిక్కడపల్లి గ్రంథాలయంలో చోటు పట్టుకుంటాను. ఆలస్యమైతే కుర్చీ దొరకదు, అందరూ ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం చదివేవాళ్లే. వాళ్ల మధ్య కూర్చుంటే ఫోన్ తీయాలంటే సిగ్గేస్తుంది. అందరూ తల వంచుకుని ఉంటారు, మనమూ వంచుతాం.

గ్రంథాలయంలో చోటు చిక్కని రోజు అశోక్‌నగర్ వైపు నెలవారీ ఫీజు తీసుకునే రీడింగ్ రూమ్‌లు ఉన్నాయి. ఒక్కొక్కరికి చెక్క అడ్డం పెట్టిన బల్ల, లైటు, ప్లగ్ ఇస్తారు. అక్కడ కథ రాయకూడదని ఎవరూ అనరు. టీచర్‌గారికి తెల్లవారుజామున ఇది కుదరదు కానీ, ఆదివారాలకు మీ ఊళ్లో శాఖా గ్రంథాలయం తెరిచే సమయం కనుక్కోండి. పెద్ద సీన్ రాయాల్సినప్పుడు ఇల్లు దాటడం వల్ల చాలా తేడా వస్తుంది.

నల్లమల (కర్నూలు)
సోమవారం సాయంత్రం 6:50

మియాపూర్ మెట్రో గారు ఉదహరించిన 2017 అధ్యయనం మీద చిన్న మాట. ఆ తర్వాత వేరేవాళ్లు అదే ప్రయోగం చేసినప్పుడు అంత స్పష్టమైన ఫలితం అన్నిసార్లూ రాలేదు. సైన్స్ రుజువు చేసేసిందన్నట్టు చెప్పుకోవడం మంచిది కాదు. ఫోన్ దూరంగా పెట్టడం మంచి అలవాటే, దానికి పరిశోధన సాక్ష్యం అక్కర్లేదు.

మియాపూర్ మెట్రో (హైదరాబాద్)
సోమవారం సాయంత్రం 7:15

ఒప్పుకుంటాను సార్. ఒక్క అధ్యయనంతో తేలే విషయం కాదు. టీచర్‌గారు కొన్నాళ్లు ఫోన్ వంటింట్లో పెట్టి చూసి, తేడా ఉంటే కొనసాగించవచ్చు, లేకపోతే మానేయవచ్చు. ఖర్చు లేని ప్రయోగం.

రేపల్లె పాసింజర్ (తెనాలి)
గురువారం రాత్రి 9:15

ఈ వారం జరిగింది చెప్తాను, ఇంకొక ప్రశ్న కూడా ఉంది.

ఫోన్ వంటింట్లో పెట్టాను, హెచ్‌ఎం నంబరు మాత్రం మోగేలా చేసుకున్నాను. ఒక్కసారి కూడా మోగలేదు. లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. స్టాంపు కాగితం గారూ, మీరిచ్చిన ఆ ఒక్క తేదీ నా నవలను మార్చేసింది. అక్క పెళ్లి 1985 మే నెలలో పెట్టాను. ఇప్పుడు చెల్లెలికి వాటా ఉంది, అక్కకు లేదు, అక్క ఆ ఆఫీసుకు సాక్షిగా నిలబడటానికి వస్తుంది. ఇంతకాలం చెల్లెలు తమ్ముడితో గొడవ పడుతుందనుకుని రాస్తున్నాను, అందుకే కదల్లేదేమో. అసలు మాట అక్కచెల్లెళ్ల మధ్య ఉంది. దస్తావేజులో రాసే మాటలన్నీ ఖాళీ వదిలి, వాళ్లిద్దరూ ఆ వరండాలో మాట్లాడుకున్నది మొత్తం రాశాను. ఆరున్నర ఎప్పుడైందో తెలియలేదు. అన్నం కాస్త ఆలస్యమైంది, మావారు క్యారేజీ ఆయనే కట్టుకున్నారు.

మాస్టారూ, తేలని చోటే చెయ్యి ఫోన్ మీదికి పోతుందన్న మీ మాట నాకు బాగా ఉపయోగపడింది. నాకు తెలియాల్సినది కొంత చట్టం, కొంత ఆ ఇద్దరి మనసు. రెండూ కలిసిపోయి కనిపించాయి.

ఇక ప్రశ్న. మార్చి, ఏప్రిల్ నెలల్లో పదో తరగతి పరీక్షలు, తర్వాత స్పాట్ వాల్యుయేషన్. ఆ రోజుల్లో పొద్దుటి గంటన్నర కూడా దొరకదు, ప్రత్యేక తరగతులుంటాయి. అన్ని వారాలు నవల ముట్టకపోతే మళ్లీ మొదటికి వస్తుందేమోనని టెన్షన్. రాయలేని రోజుల్లో కథను మనసులో ఎలా నిలుపుకుంటారు?

పొద్దుతిరుగుడు (ఖమ్మం)
గురువారం రాత్రి 10:00

క్యారేజీ ఆయనే కట్టుకున్నారన్న వాక్యం నాకు చాలా సంతోషం కలిగించింది. దాన్ని అలాగే కొనసాగనివ్వండి, మళ్లీ మీ చేతుల్లోకి తీసుకోకండి.

రాయలేని రోజుల గురించి. మా అత్తయ్యగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాకూ అలాంటి కాలం గడిచింది. అప్పుడు కథ రాయలేదు, చదివాను. పడుకునే ముందు నోట్‌బుక్‌లో ఆఖరి రెండు పేజీలు, అంతే. దిద్దకుండా, పెన్ను పట్టకుండా. చల్లారనివ్వకుండా సన్న సెగ మీద ఉంచిన పాలలా ఉంటుంది కథ, మళ్లీ కూర్చున్నప్పుడు వెంటనే పొంగుతుంది. ఏదైనా మాట తోస్తే ఆ పేజీ అంచున ఒక్క ముక్క రాసి మూసేయండి. అధ్యాయం మొదలుపెట్టకండి. సగంలో లేవాల్సి వస్తే ఆ బాధ మర్నాటి డ్యూటీ మీద పడుతుంది.

పాత సబెడిటర్ (విజయవాడ)
శుక్రవారం ఉదయం 6:20

ఖమ్మం అమ్మాయి చెప్పింది సరైన పద్ధతి. ఇంగ్లండ్‌లో ఆంథొనీ ట్రోలప్ అని తపాలా శాఖ ఉద్యోగి ఒకాయన, ఆ కొలువు చేస్తూనే నవల మీద నవల రాశాడు. పొద్దున 5:30కి బల్ల దగ్గర ఉండేవాడు. తనను లేపి కాఫీ ఇచ్చే పనివాడికి అందుకోసం ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడినని ఆత్మకథలో రాసుకున్నాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవాడు. ఈ లెక్క అందరికీ తెలిసిందే, నాకు నచ్చింది అది కాదు. మొదటి అరగంట కొత్తగా ఒక్క మాట రాయకుండా, ముందురోజు రాసింది చదువుకునేవాడు. చెవికి ఆ పాత్రల గొంతు మళ్లీ వినిపించాకే పెన్ను పట్టేవాడు. మీరు పరీక్షలయ్యాక తిరిగి మొదలుపెట్టే రోజు ఇదే చేయండి. మొదటి పొద్దు మొత్తం చదవడానికే ఇచ్చేయండి, రాయలేదని దిగులు పడకండి.

పరీక్షలు మొదలయ్యే ముందు ఆఖరి రోజున మాత్రం అధ్యాయం చివర ఆపకండి. మధ్యలో ఆపండి. అక్కచెల్లెళ్లలో ఒకరు అడిగిన ప్రశ్న దగ్గర ఆపి, రెండోవాళ్లు చెప్పబోయే జవాబు వేరే కాగితం మీద ఒక్క వాక్యంగా రాసి పుస్తకంలో పెట్టుకోండి.

గ్రూప్ టూ (హైదరాబాద్)
శుక్రవారం ఉదయం 8:40

ఈ ఆఖరి సలహా నేనూ వాడుకుంటాను సార్. మాకు మెయిన్స్ ముందు సరిగ్గా ఇదే పరిస్థితి.

స్టాంపు కాగితం (నరసాపురం)
శుక్రవారం మధ్యాహ్నం 2:10

అమ్మా, అక్కను సాక్షిగా నిలబెట్టడం బాగుంది. వాటా లేని మనిషి కాబట్టి సాక్షి సంతకం పెట్టొచ్చు. ఒక్కటి చూసుకోండి, ఆమె సంతకం దస్తావేజు చివర సాక్షుల చోట వస్తుంది, చెల్లెలి సంతకం పంచుకున్నవాళ్ల వరసలో ప్రతి పేజీ కిందా వస్తుంది. ఇద్దరూ ఒకే కాగితం మీద వేరే వేరే చోట్ల సంతకం పెడతారు. ఖాళీ వదిలిన చోట్లన్నీ ఒక జాబితాగా రాసి ఇక్కడ పెట్టండి, రాత్రి కొట్టు కట్టేశాక ఒక్కొక్కటీ నింపి ఇస్తాను. పొద్దున మీరు వాటి గురించి ఆలోచించనక్కర్లేదు.